డిజిటల్ పరిపాలనపై డాక్టరేటు పరిశోధన: గ్రామ యువజనులకు గల అవకాశములు

గ్రామ పరిపాలనలో నేడు యంత్రముల పాత్ర దినదినము పెరుగుచున్నది. పంచాయతీల ప్రణాళికలును, జమాఖర్చులును 2020లో ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ ద్వారా నమోదగుచున్నవి. చౌకధరల దుకాణమున కార్డుదారులు వేలిముద్ర వేయుట సామాన్యమైనది. కాయకష్టముచే వ్రేళ్లరిగిన వృద్ధురాలి ముద్రను యంత్రము గుర్తింపనిచో ఆమె ఎవరితో చెప్పుకొనవలెను? ఈ ప్రశ్న మన సభ్యులకు క్రొత్తది కాదు. కాని విశ్వవిద్యాలయములలో ఇది డాక్టరేటు పరిశోధనకు తగిన విషయమని ఎరిగినవారు తక్కువ.

డిజిటల్ సాంకేతికత, సంస్థలు, సమాజము అను మూటికిగల సంబంధమును పరిశీలించు విద్య ఇది. యంత్రములను తయారుచేయుట దీని పని కాదు. యంత్రము వచ్చిన పిదప కార్యాలయమున నిర్ణయాధికారము ఎవరి చేతికి పోయినది, ఎవరికి మేలు, ఎవరికి నష్టము కలిగినది అని విచారించుట దీని పని.

ఇట్టి విచారణ వలని ప్రయోజనమునకు ఒక నిదర్శనము గలదు. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లోని 157 మండలములలో ఉపాధి హామీ కూలి, పింఛనుల చెల్లింపునకు వేలిముద్రలతో కూడిన స్మార్టుకార్డులను ప్రవేశపెట్టినప్పుడు, ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధించి 2016లో ఫలితములను ప్రకటించిరి. కూలి త్వరగా అందినది, దుర్వినియోగము తగ్గినది. కార్డు లేనివారికి పాత పద్ధతిని చెల్లింపు ఆపలేదు. వారే ఝార్ఖండ్‌లో ఆధారు ముద్రపై రేషను పంపిణీని పరిశీలింపగా, ముందుగా ఆధారు జతపరచుకొనని కుటుంబములకు అందిన సరకు విలువ సుమారు పదవ వంతు తగ్గినట్లు తేలినది. కనుక మేలుకీడులు యంత్రముపైననే గాక, దానిని అమలుజరుపు విధానముపై ఆధారపడియున్నవి.

ఈ పరిశోధనకు సమాజశాస్త్రము, ప్రభుత్వ పాలనాశాస్త్రము, అర్థశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము మొదలగు శాఖల నుండి ప్రవేశింపవచ్చును. హైదరాబాదు, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయములలో సామాజిక శాస్త్రములందు డాక్టరేటు చేయు వీలు గలదు. బెంగుళూరులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో సాంకేతికత, సమాజము అను విషయముపైననే పరిశోధన జరుగుచున్నది.

2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము ఎం.ఎ. వంటి పట్టమున 55 శాతము మార్కులు ఉండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, దివ్యాంగులు మొదలగువారికి 5 శాతము సడలింపు గలదు. 75 శాతము మార్కులతో నాలుగేండ్ల డిగ్రీ ముగించినవారును అర్హులే. పరిశోధనకు గడువు మూడు నుండి ఆరేండ్లు. స్త్రీలకు మరి రెండేండ్లు పొడిగింపవచ్చును.

డబ్బు లేదని వెనుదీయనక్కరలేదు. జాతీయ అర్హతా పరీక్ష యగు నెట్‌లో జూనియర్ ఫెలోషిప్‌నకు ఎన్నికైనవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు నిర్ణయమైనవి. రెండేండ్ల పిదప అది 42,000 అగును. ఈ పరీక్ష సాధారణముగా ఏటా రెండుసార్లు జరుగును. భాషా విషయములు తప్ప తక్కిన ప్రశ్నపత్రములు ఇంగ్లీషు, హిందీలలోనే యుండును గనుక ముందే అభ్యాసము చేయవలెను.

పంచాయతీ సభ్యులకు మా మనవి ఒక్కటే. గ్రామములోని పట్టభద్రుల జాబితా వ్రాసి, పరీక్ష ప్రకటన వెలువడగనే వారికి, ముఖ్యముగా ఆడపిల్లలకు, తెలియజేయుడు. పరిశోధకులు వచ్చినచో రికార్డులు చూపి సహకరింపుడు. వృద్ధురాలి ఇబ్బందిని కన్నులార చూచిన పిల్లయే దానికి కారణము వెదకు పరిశోధకురాలు కావలెనని మేము ఆశించుచున్నాము.