కొలతను గొలుచుట యెట్లు?

మన ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెన్ని యిండ్లను గుందఁజేసినదో కంచిలి పిల్లలకు వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. నిరుడొక తల్లి రెండు కాగితములు దెచ్చి, “మాష్టారూ, మా ఆయన నెత్తురులో క్రియాటినిన్ ఒకచోట నొకలాగున, వేఱొకచోట నింకొకలాగున వచ్చినది. దేనిని నమ్మవలెనండీ?” యని యడిగినది. నర్సులును పరిశోధకులును మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న యిదియే.

పలాసలో జీడిపప్పు తూఁచు కాటాను దలంపుఁడు. ఒకే సంచిని పదిమాఱులు తూఁచినఁ బదివిధములుగఁ జూపెనేని దానికి నిలుకడ లేదు. పదిమాఱులును అరకిలో తక్కువే చూపెనేని నిలుకడ కలదు గాని నిజము లేదు. ఈ రెండవదియే యెక్కువ యపాయకరము. దాని నెవ్వరును సందేహింపరు గదా! నిలుకడను విశ్వసనీయత యనియు, కొలువఁదలఁచినదానినే కొలుచుటను సప్రమాణత యనియు నందురు. (ప్రశ్నపత్రములను గూర్చి ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చిన మాటలే యివి.)

రక్తపుపోటు చూచునపుడు రోగి 5 నిమిషములు కుదురుగఁ గూర్చుండవలెను. చేయి గుండె యెత్తున నుండవలెను. చుట్టెడు పట్టీ చిన్నదైనచోఁ బోటు హెచ్చుగఁ గనఁబడును. ఇద్దఱు నర్సు లొకరి యంకె నొకరు చూడక యొకే రోగిని గొలిచినపుడు ఫలితములు దగ్గఱపడునా యని ముందుగనే తేల్చుకొనవలెను.

క్రియాటినిన్ సంగతి మఱింత చిక్కు. అది కండరములనుండి పుట్టును. మూత్రపిండములు దానిని వడకట్టి వెలుపలికిఁ బంపును. రక్తములో నది పెరిగినచో వడపోత తగ్గినదని యూహింతుము. కాని కండలేని బక్కపలుచని కూలివానికి నది సహజముగనే తక్కువ. మూత్రపిండము చెడుచున్నను అంకె బాగుగనే యుండవచ్చును. ఎండలో నీరు త్రాగక కొబ్బరితోటలోఁ బాటుపడిన దినమున గట్టి మనిషికిని అంకె హెచ్చవచ్చును. 1886లో జాఫే కనిపెట్టిన రంగుపద్ధతిలోనైతే రక్తములోని చక్కెర మొదలగునవియుఁ గలిసి లెక్కను మార్చును.

అందువలననే, వడపోత నిమిషమునకు 60 మిల్లీలీటరులకుఁ దక్కువగ నుండుట గాని, మూత్రమున ఆల్బుమిన్ పోవుట వంటి గుర్తులు గాని 3 నెలలకు మించి నిలిచిననే దీర్ఘవ్యాధి యందురు. ఒక్కమాఱు నెత్తురు దీసి యూర నింతమంది రోగులని చాటెడు లెక్కను నేను సంశయముతోనే చదువుదును.

ఆ తల్లితో, “అమ్మా, రెండు కాగితములను దాఁచుము. ఏ ప్రయోగశాలయో, ఏ తేదియో, ముందునాఁడాయన యెండలోఁ బనిచేసెనో లేదో వ్రాయించుము. 2023లోఁ బలాసలోఁ దెఱచిన కిడ్నీ ఆసుపత్రి వైద్యునికిఁ జూపుము. పిదప నెన్నిమాఱులైనను ఒక్కచోటనే పరీక్ష చేయింపుము” అని చెప్పితిని. ఆ మఱునాఁడే యామె భర్తను వెంటఁబెట్టుకొని రైలెక్కినది.