హే పుస్తకాల పండక్కి వెళ్తున్నారా? తిండి సంగతి ఇదిగో

మొదటిసారి హే-ఆన్-వై వెళ్లినప్పుడు పబ్ గుమ్మం దాకా వెళ్లి, ఒక్కదాన్నే లోపలికి ఎలా వెళ్లనని వెనక్కి తిరిగాను. ఆ పూట బిస్కెట్లతోనే సరిపెట్టుకున్నాను. మీకలా కాకూడదనే ఇది రాస్తున్నాను.

వేల్స్ సరిహద్దులోని ఈ చిన్న ఊళ్లో 1988 నుంచి మే నెలాఖరులో సాహిత్యోత్సవం జరుగుతోంది. ప్రసంగాలు ఊరి బయట మైదానంలో. అక్కడా తినడానికి దొరుకుతుంది కానీ, ఒక ప్రసంగం అయిపోగానే అందరూ ఒకేసారి క్యూ కడతారు. కాస్త నడిచి ఊళ్లోకి వస్తే నయం.

రిచర్డ్ బూత్ పుస్తకాల షాపులోనే కెఫే ఉంది. పిల్లలుంటే షెపర్డ్స్ పార్లర్‌కి తీసుకెళ్లండి. అక్కడి ఐస్‌క్రీమ్ గొర్రెపాలతో చేస్తారు! గురువారమైతే ఊళ్లో సంత కూడా ఉంటుంది.

ఇక పబ్. బ్లూ బోర్ లాంటివి తాగేవాళ్ల అడ్డాలు కావు, భోంచేసే చోట్లు. మామూలుగా పబ్బుల్లో కౌంటర్ దగ్గరే ఆర్డరివ్వాలి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే చాలాచోట్ల సాయంత్రం దాకా వంట ఉండదు. శాకాహారులైతే, చిప్స్ వేయించే నూనెలోనే చేపలూ వేయిస్తారా అని అడగండి. అమెరికా నుంచి వచ్చే అక్కచెల్లెళ్లూ, ఇక్కడ సైడర్ అంటే ఆపిల్ రసం కాదు, మద్యమే!

నిరుడు మళ్లీ ఒక్కదాన్నే వెళ్లాను. పబ్‌లో కిటికీ పక్కన కూర్చుని, సూప్ తాగుతూ, అప్పుడే కొన్న పుస్తకం చదువుకున్నాను. సంచిలోని పులిహోర డబ్బా మూత తీయకుండానే ఇంటికొచ్చింది.