పదవ తరగతివారి సింహావలోకనము



సింహము అడవిలో కొంతదూరము నడచి, ఆగి, మెడ త్రిప్పి, తాను వచ్చిన దారిని ఒక్కసారి చూచునట. దీనినే మన పెద్దలు సింహావలోకనమనిరి. పదునైదు, పదునాఱేండ్ల బాలబాలికలు ఉన్నత పాఠశాలను విడచునప్పుడు అట్టి చూపునే చూతురు. ఆ చూపులో వారికి కనబడునదేమో, కనబడక పోవువారెవరో, దానితో పల్లెలయందలి మీకేమి పనియో చెప్పుట నేటి నా ప్రసంగమునకు విషయము. నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడుగా పనిచేసి 2020వ సంవత్సరమున విశ్రాంతి గొన్నవాడను. నా ఉద్యోగములో కడపటి భాగము హైదరాబాదునకు తూర్పున, లాలాపేట ప్రాంతములో నొక ప్రభుత్వోన్నత పాఠశాలయందు గడచినది.

లాలాపేట మీకు బొత్తిగా క్రొత్త పేరు కాదు. మీ యూళ్లలో తెల్లవారుజామున కేంద్రమునకు పోసిన పాలు దశాబ్దములపాటు చేరుచుండిన విజయ పాల కర్మాగారము అచ్చటిదే. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ. మఱియొకవైపు 1893లో నిజాము రైల్వేవారు నెలకొల్పిన లాలాగూడ రైలు కార్ఖానా. తూర్పుగా పోయినచో నాచారము, మల్లాపూరు, ఉప్పలు పారిశ్రామికవాడలు. పని యున్నచోటికి జనము వచ్చును. జనముతో పిల్లలు వత్తురు. కావున మా తరగతి గదిలో ఆ పేటకే చెందిన పిల్లలు కొద్దిమందియే. పాలమూరు, నల్లగొండ, మెదకు వైపునుండి వచ్చినవారు, శ్రీకాకుళపువారు, ఒడిశా బీహారులవారు, వీరి పిల్లలే యెక్కువ. లాలాపేట బడి యనగా సగము మీ పల్లెల బడియే యని నేననుట అందుచేతనే.

ఉన్నత పాఠశాల చదువనగా నేడు ఆఱవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు ఐదేండ్లు. మీ తండ్రులు ఆంధ్రప్రాంతమున ఫారములనియు, నిజాము రాష్ట్రమున జమాతులనియు చెప్పుకొనినవి ఇవియే. 1969లో రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చినది మొదలు పదవ తరగతి పరీక్ష బడిచదువునకు గడప యైనది. నిజాము కాలమున ఈ గడప దాటుట మనవారికి మఱింత కష్టము. పైచదువు చాలవఱకు ఉర్దూలో నుండెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు హైదరాబాదులో తెలుగు బాలికలకొక పాఠశాల పెట్టిరి గాని, తెలుగున చదివిన యా బాలికలకు పరీక్ష జరిపి పట్టమిచ్చు దిక్కు ఆ రాష్ట్రమున లేక, పూనాలో కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయింపవలసి వచ్చెను. చదివినది ఒకచోట, చదివితిమని చెప్పు కాగితము వేఱొకచోట! ఈ కాగితపు సంగతి మరల వచ్చును, గుర్తుంచుకొనుడు.

పూర్వము గురుకులమున విద్య ముగిసిన శిష్యునకు సమావర్తనమను సంస్కారముండెను. తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లిలో, ఇల్లు చేరబోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము లోకప్రసిద్ధము. అచ్చట మాటలాడువాడు గురువు, వినువాడు శిష్యుడు. నేటి వీడ్కోలు సభలో ఈ వరుస తలక్రిందులైనది. పరీక్షలకు ముందు ఫిబ్రవరిలోనో, మార్చి మొదటనో తొమ్మిదవ తరగతివారు తలకు కొంత వేసికొని, రంగుకాగితములు కట్టి, పులిహోరయు లడ్డును తెప్పించి పదవ తరగతివారిని సాగనంపుదురు. ఆడపిల్లలు తల్లుల చీరలు కట్టుకొని ఒక్కపూటలో పెద్దవారై వత్తురు. పిమ్మట ఒక్కొక్కరుగా లేచి ఐదేండ్ల ముచ్చట చెప్పుదురు. ఉపాధ్యాయులు కుర్చీలలో కూర్చుండి విందురు. నాకీ మార్పు మేలుగానే తోచినది. ఐదేండ్లు మేము చెప్పినది వారు వినిరి. ఒక్కపూట వారు చెప్పునది మేము వినవలదా?

వినినచో ఆశ్చర్యము కలుగును. నేను ఏటేట గణములు, గురులఘువులు, సంధులు, సమాసములు చెప్పితిని. వీడ్కోలునాడు వానిని తలచిన శిష్యుడు ఒక్కడే. వాడును ఉత్పలమాల గణములను బల్లపై దరువు వేసి కంఠస్థము చేసితినని చెప్పి, ఆ దరువే వేసి చూపెను. తక్కినవారు తలచుకొన్నవి వేఱు. ఒడిశానుండి వచ్చిన కూలివాని కొడుకు, ఆఱవ తరగతిలో తెలుగక్షరములు నేర్చిన కొన్నాళ్లకు బస్సు నుదుటి పలకమీద ఉప్పలు అను మాట తానే చదివి, తండ్రిని చేయిపట్టి ఆ బస్సెక్కించిన దినమును చెప్పెను. అంతవఱకు ఆ తండ్రి దారినపోవువారిని అడిగి బస్సెక్కుచుండెనట. ఒక బాలిక, "ఇంటిలో నన్ను చిన్నీ యందురు, అమ్మ పనిచేయు ఇండ్లలో పనిమనిషి కూతురందురు, నా పూర్తిపేరు పిలుచునది హాజరు వేళ మాత్రమే" అని చెప్పి కూర్చుండెను. ఇంకొకడు మధ్యాహ్న భోజనమున గ్రుడ్డు పెట్టు దినములను వారముతో సహా చెప్పి అందఱిని నవ్వించెను. 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడి, పిమ్మట పై తరగతులకును సాగినది. పాఠములు ఆంగ్లమున చదివినవారును వీడ్కోలునాడు ఏడ్చుట మాత్రము తెలుగుననే యని మా పాత సహోద్యోగులు చెప్పుదురు. తెలుగు పండితుడనగుటచే ఈ మాట నాకు కొంచెము ఇంపుగా నుండుట సహజమే గదా!

ఇక కనబడనివారి మాట. ఏ పాఠశాలలోనైనను ఒక తరగతివారి ఆఱవయేటి హాజరుపట్టికను, పదవయేటి పట్టికను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కొన్ని పేర్లు రెండవదానిలో నుండవు. కొందఱు వేఱొక బడికి పోయి యుందురు. అది నష్టము కాదు. కొందఱు తండ్రి పని మారగా ఊరు మారి, అచ్చట మరల చేరనే లేదు. మగపిల్లవాడు పంక్చరు దుకాణమునకో, పెండ్లివంటలవారి వెంటనో పోవును. ఆడపిల్ల చెల్లెలిని చూచుకొనుటకు ఇంట ఆగిపోవును. లేదా పెండ్లి యగును. ఈ జారిపోవుట తొమ్మిదవ తరగతి దరిదాపులనే యెక్కువగుట నేను చూచితిని. దీనికొక కారణము చట్టములోనే కలదు. 2009నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు, అనగా ఎనిమిదవ తరగతి వఱకే, చదువును హక్కుగా నిచ్చినది. తొమ్మిది, పది దాని గట్టుకు ఆవల నున్నవి. మధ్యాహ్న భోజనము సైతము కేంద్రపు పథకములో ఎనిమిది వఱకే; పై రెండు తరగతులకు రాష్ట్ర ప్రభుత్వము తన వ్యయముతో పెట్టుచున్నది. పిల్లవాడు పనికి పనికివచ్చు వయస్సునకు చేరుటయు, చట్టము చేయి విడచుటయు ఒక్కమాఱే జరుగుచున్నవి.

ఈ మాటలన్నియు ప్రతి సంవత్సరపు తరగతికిని చెల్లును. కాని రెండు తరగతుల కథ ప్రత్యేకము. 2020 మార్చి 19న మన తెలంగాణలో పదవ తరగతి పరీక్షలు మొదలైనవి. 21వ తేదీ నాటికి తెలుగు రెండు, హిందీ ఒకటి, మూడు పత్రములు ముగిసినవి. కరోనా వ్యాధి వ్యాపించుచుండుటచే తక్కిన పరీక్షలను వాయిదా వేయుమని హైకోర్టు ఆదేశించెను. వెంటనే లాక్‌డౌన్ వచ్చినది. తుదకు జూన్ 8న ప్రభుత్వము పరీక్షలనే రద్దుచేసి, సంవత్సరములో జరిగిన అంతర్గత పరీక్షల మార్కులనుబట్టి 5 లక్షల 34 వేలకు పైబడిన విద్యార్థులనందఱిని ఉత్తీర్ణులను చేసినది. ఆ తరగతికి వీడ్కోలు సభ జరిగినది గాని ముగింపు లేకపోయినది. కడపటి పరీక్ష వ్రాసి, గేటు దాటి, ఒకరి చొక్కాలపై ఒకరు సిరా చల్లుకొని కేకలు వేయు దినము వారికి రానేలేదు. ఆ జూన్ నెలాఖరున నేనును ఉద్యోగము విడచితిని. పిల్లలు మూతికి గుడ్డ కట్టుకొని, నేలపై సున్నముతో గీసిన వలయములలో దూరదూరముగా నిలుచుండి ప్రధానోపాధ్యాయుని గదికి వచ్చుచుండిరి. కాళ్లకు మ్రొక్కవచ్చునో కూడదో తెలియక కొందఱు గుమ్మమునుండియే చేతులు జోడించి వెడలిపోయిరి. వీరిని పరీక్ష లేకయే గట్టెక్కినవారని లోకులు ఎగతాళి చేసిరి. ఆ మాట నాకు నచ్చదు. పరీక్ష వలదని వారెవరును కోరలేదు.

మరుసటి యేటి తరగతివారి పాటు ఇంతకంటె విషమము. 2020 సెప్టెంబరు 1 నుండి పాఠములు దూరదర్శన్ యాదగిరిలోను, టీశాట్‌లోను రాసాగినవి. ఒక గదిలో ఐదుగురుండు ఇంట, ఒకే ఫోనుతో తండ్రి పనికి పోయినచోట, ఆ పాఠములు ఎంత అందినవో మీరే ఊహింపుడు. 2021 ఫిబ్రవరి 1న బడి తెఱచిరి. మార్చి 24 నుండి మరల మూసిరి. అనగా పదవ తరగతివారు ఆ తరగతి గదిలో కూర్చున్నది రెండు నెలలైనను లేదు. వారికి వీడ్కోలు లేదు, పులిహోర లేదు, ఛాయాచిత్రము లేదు. పరీక్షలు ఆ యేడును రద్దైనవి. ఫీజు కట్టి పేరు నమోదైనవారందఱు ఉత్తీర్ణులైరి.

వీరికి నేను తొమ్మిదవ తరగతిలో తరగతి ఉపాధ్యాయుడను. 2023 వేసవిలో, ఇంటర్మీడియట్ ముగించిన పిమ్మట, వారిలో కొందఱు నా యింటికి వచ్చి, "అయ్యా, మాకు వీడ్కోలు జరుగలేదు, ఒక ఆదివారము మా గదిలో కూర్చుందుము, మీరు వచ్చి హాజరు పిలువుడు" అని అడిగిరి. ప్రధానోపాధ్యాయుడు సమ్మతించి పాత పట్టికను తీసి యిచ్చెను. పాత బల్లలలో వారి మోకాళ్లు ఇమడకుండెను. నేను వరుసగా 41 పేర్లు పిలిచితిని. 27 మంది లేచి పలికిరి. 10 మంది పేర్లకు స్నేహితులు పలికిరి: ఒకడు నాచారములో మందుల గోదాములో పనిచేయుచున్నాడు, ఒకతె పాలిటెక్నిక్‌లో నున్నది, ఒకతె అత్తవారింట విజయనగరమున నున్నది, చంకలో బిడ్డ. తక్కిన 4 పేర్లకు ఎవరును పలుకలేదు. గది నిశ్శబ్దముగా నుండెను. నేను రెండవమాఱు పిలిచితిని. అప్పుడును పలుకలేదు.

ఆ నలుగురి సంగతి తరువాత విచారించితిమి. నలుగురును 2021 ఫిబ్రవరిలో కొన్నాళ్లు బడికి వచ్చి, మొదటి అంతర్గత పరీక్ష వ్రాసి, మార్చిలో బడి మూతపడగానే తల్లిదండ్రులతో ఊళ్లకు పోయినవారు. పరీక్ష ఫీజు 125 రూపాయలు. వారి తరపున దానిని తరగతి ఉపాధ్యాయురాలు కట్టియుండెను. అందుచేత నలుగురును ఉత్తీర్ణులే. కాని ఆ సంగతి వారికి తెలిసినట్లు లేదు. మార్కుల పత్రమును, బదిలీ పత్రమును తీసికొనుటకు వారెవరును రాలేదు.

ఈ పత్రముల విలువ మీకు నేను చెప్పవలెనా? పుట్టినతేదీకి పదవ తరగతి పత్రమే సాక్ష్యము. ఇంటర్మీడియట్‌లోగాని, ఐ.టి.ఐ.లోగాని చేరవలెనన్న అదియే. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము ఉద్యోగములలో స్థానికుడగుటకు ఒకటి మొదలు ఏడవ తరగతి వఱకు గల ఏండ్లలో కనీసము నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినట్లు బడి వ్రాసి యియ్యవలెను. నిజము చెప్పవలెనన్న, పెద్దవారైన శిష్యులు బడికి తిరిగి వచ్చుట ప్రేమచేత కొంతయు, ఈ పత్రముకొఱకు మిక్కిలియు. అందులో తప్పేమియు లేదు. పత్రముకొఱకు వచ్చినవాడును గది కిటికీలోనుండి ఒక్కమాఱు లోపలికి తొంగిచూడకుండ పోవుట నేనెన్నడును ఎఱుగను.

నలుగురిలో ఒకడు దొరకినాడు. పాలమూరు వైపు ఒక పల్లెలో తాపీపనివారి వెంట సున్నము కలుపుచుండెను. ఆ యూరి పెద్ద యొకరు, పదవ తరగతి ఉత్తీర్ణులకు ఏదో పని యున్నదని విని, "నీవెంతవఱకు చదివితివి?" అని వానిని అడిగిరట. "పది తప్పితిని" అని వాడు చెప్పెను. ఎట్లు తప్పితివని గ్రుచ్చి యడుగగా, పరీక్ష వ్రాయలేదు గనుక తప్పియే యుందుననుకొంటినని చెప్పినాడు. ఆ పెద్దమనిషికి అనుమానము కలిగి, వానిని బస్సెక్కించుకొని లాలాపేటకు తీసికొని వచ్చిరి. పత్రము చేతికిచ్చినప్పుడు వాడు దానిలో తన పేరును చదివి, మరల చదివి, వెనుకవైపు త్రిప్పి చూచెను.

ఇంక ముగ్గురున్నారు. ఒక బాలుడు, ఇద్దఱు బాలికలు. ఇట్టివారు మా బడిలోనే కాదు, ఆ రెండేండ్ల పట్టికలు తిరుగవేసినచో మఱికొన్ని బడులలోను ఉండవచ్చును. మీ గ్రామములో 2020, 2021 సంవత్సరములలో పట్టణమునుండి తల్లిదండ్రులతో తిరిగివచ్చి, పది చదువుచు ఆపితినని చెప్పుకొను పిల్లలెవరైన నున్నచో, వారు ఏ బడిలో చదివిరో, పరీక్ష ఫీజు ఎవరైన కట్టిరో అడుగుడు. బడి తెఱచియున్న దినమున ఆధారు కార్డుతో వారిని పంపుడు. ఆడపిల్ల యైనచో తోడుగా ఒకరు రండు. ఫీజు కట్టకుండ నిజముగనే ఆగిపోయినవారికి సార్వత్రిక పాఠశాల కలదు. పదునాలుగేండ్లు నిండిన ఎవరైనను దానిలో చేరి పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. మా ముగ్గురి పత్రములు ప్రధానోపాధ్యాయుని గదిలో ఇనుప బీరువా పై అరలో, నీలి అట్టలో కట్టి యున్నవి.