కొండపొలములలో వడదెబ్బ



వడదెబ్బ మైదానపు వారికి వచ్చు జబ్బనియు, కొండమీది వారికి దానితో పనిలేదనియు మనలో ననేకులు తలంచుచుందురు. ఈ తలంపునకు ఆధారము లేకపోలేదు. హుకుంపేట, పాడేరు, అరకు ప్రాంతములు సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున నున్నవి. వేయి మీటర్లు పైకెక్కినచో గాలి సుమారు ఆరు డిగ్రీలు చల్లబడును. కావున దిగువ సీమలో 40 డిగ్రీల ఎండ కాయునప్పుడు మనకు 34, 35 డిగ్రీలే యుండవచ్చును. అయినను వేసవిలో కొండపొలమున పనిచేయుచు మనుష్యుడు స్మృతి తప్పి పడిపోవుట కలదు. చల్లని చోట ఇట్లేల జరుగును? జరిగినప్పుడు చుట్టునున్న వారేమి చేయవలెను? ఈ రెండు సంగతులను నేడు విన్నవించెదను.

మన దేహమునకు వేడి రెండు పొయ్యిలనుండి వచ్చును. ఒకటి పైనున్న సూర్యుడు. రెండవది మన కండలే. కండలు పనిచేయునప్పుడు అవి ఖర్చుచేయు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే పనిగా మారును. మిగిలినదంతయు వేడియై దేహములోనే నిలుచును. మైదానమున చదునైన నేలపై నడచు వానికంటె, కావడి భుజమున నుంచుకొని నిట్రమైన వాలు నెక్కు మన మనుష్యునికి ఈ లోపలి పొయ్యి మిక్కుటముగా మండును. దానికి తోడు పోడు కాల్చుట, పసుపు ఉడకబెట్టుట వంటి నిప్పుపనులు కూడ మనకు వేసవిలోనే వచ్చును. అందుచేత గాలి చల్లగా తోచినను దేహము లోపల కాగిపోవచ్చును.

ఈ వేడిని వెలుపలికి పంపునది చెమట. చెమట పట్టుట చాలదు; అది ఆరవలెను. ఆరునప్పుడే చర్మము చల్లబడును. వాన కురియుటకు ముందు ఉక్కపోతగా నుండి గాలి కదలనప్పుడు చెమట ఆరదు. నీరు త్రాగనివానికి కొంతసేపటికి తగినంత చెమటయే పట్టదు. అప్పుడు దేహపు వేడి 40 డిగ్రీలు దాటును. మెదడు తబ్బిబ్బగును. ఇదియే వడదెబ్బ.

దీని గుర్తులు మీకు తెలియవలెను. మొదట తలనొప్పి, వికారము, కాళ్ల తిమ్మిరులు, మిక్కిలి నీరసము కలుగును. ఈ దశలో నీడకు చేర్చి, నీరిచ్చి, విశ్రాంతి నిచ్చినచో మనుష్యుడు తేరుకొనును. అట్లుగాక మాట తడబడినను, సంబంధము లేని మాటలు పలికినను, తూలినను, ఫిట్లు వచ్చినను, తెలివి తప్పినను ప్రాణాపాయ మని యెరుగవలెను. చెమట పట్టుచున్నది గదా యని ఊరకుండరాదు. శ్రమచేయుచు వడదెబ్బ తగిలినవానికి చెమట పట్టుచునే యుండవచ్చును.

ఇచ్చటనే మన కొండప్రాంతమున నొక పెద్ద పొరపాటు జరుగును. మనకు మలేరియా చిరపరిచితము. ఒళ్లు కాలినచో చలిజ్వర మని తలంచి, దుప్పటి కప్పి, మాత్ర మ్రింగించి, పరుండబెట్టుట మన అలవాటు. వడదెబ్బకు దుప్పటి విషముతో సమానము. జ్వరపు మాత్ర దీనిపై పనిచేయదు. ఎండలో పనిచేయుచు ఒళ్లు కాలి, మతి తప్పినవానిని మొదట చల్లబరచవలెను. మలేరియా కలదో లేదో తరువాత ఆసుపత్రిలో రక్తపరీక్షవలన తెలియును.

రెండవ పొరపాటు తొందర. రోడ్డులేని ఊళ్లలో రోగిని డోలీ కట్టి మోసికొనిపోవుదురు. వాహనము నిలుచు చోటికి చేరుసరికి గంటలు గడచును. వడదెబ్బ తగిలినవానికి ఆ గంటలే ప్రాణమును హరించును. మొదటి అరగంటలో దేహము చల్లబడినచో బ్రదుకుట కవకాశము మిక్కిలి హెచ్చు. కావున జ్ఞాపకముంచుకొనుడు: చల్లబరచుట ముందు, మోసికొనిపోవుట తరువాత.

ఎట్లు చల్లబరచవలెను? నీడకు చేర్చి, పైబట్టలు తీసివేసి, దేహమంతట నీరు పోయుచు, ఆకుతోనో తువ్వాలుతోనో విసరవలెను. మెడప్రక్కలను, చంకలలోను, గజ్జలలోను తడిగుడ్డలుంచి మాటిమాటికి మార్చవలెను. గెడ్డ దగ్గరనున్నచో, ఇద్దరు పట్టుకొని తల పైకెత్తి, మెడవరకు నీటిలో నుంచుట అన్నిటికంటె మేలు. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఇంతలో ఒకరు 108కి కబురు చేయవలెను. డోలీ కట్టినను దానిని కప్పివేయక, గాలి తగులనిచ్చి, దారిపొడవున బట్ట తడుపుచు పోవలెను.

ఇక రాకుండ కాపాడుకొను మార్గములు. బరువుపనిని తెల్లవారుజామున మొదలిడి పదకొండు గంటలకు విడిచి, తిరిగి నాలుగు దాటిన పిమ్మట చేయుట మేలు. దాహమగు వరకు ఆగక, పావుగంట కొకసారి కొంచెము కొంచెముగా నీరు త్రాగవలెను. ఆనపకాయ బుర్రలో పొలమునకు గొనిపోవు ఉప్పు కలిపిన చోడి అంబలి మన పూర్వులు కనిపెట్టిన మంచి ఉపాయము. అందు నీరు, ఉప్పు, బలము మూడును కలవు. అంబలి లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి త్రాగవచ్చును. చెంచాలు తలకొట్టి కొలువవలెను. జీలుగుకల్లు మాత్రము నీటికి మారుగాదు. అది మూత్రము హెచ్చించి దేహమును ఎండబెట్టును. అపాయపు గుర్తులను తెలియనీయదు.

పనుల కొరకు దిగువకు పోవు మన యువకుల సంగతి మరువరాదు. 2015 వేసవిలో వడగాలులకు దేశమున రెండువేల మందికి పైగా మరణించిరి. వారిలో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే. చల్లని గాలికి అలవడిన దేహము మైదానపు ఎండకు అలవడుటకు వారము మొదలు రెండు వారములు పట్టును. తొలి దినములలో సగము పని చేసి, క్రమముగా హెచ్చించుకొమ్మని బయలుదేరునప్పుడే వారికి చెప్పి పంపుడు.

కడపట ఒక్క మాట. మన కాఫీతోటను చూడుడు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ ఎండలో పెంచినది కాదు. సిల్వర్ ఓక్, పనస మొదలగు చెట్ల నీడను పెరిగినది. ఆ మొక్కకు 15 మొదలు 25 డిగ్రీల వేడిమి హితవని యెరిగి దానికి నీడ నిచ్చుచున్నాము. పసుపు పొలమున వంగి పనిచేయు కోడలికి మాత్రము ఒక్క చెట్టయినను ఉంచము! పోడు నరకునప్పుడు పనసను, మామిడిని, చింతను విడిచిపెట్టుడు. చెట్టులేని చేనిలో నాలుగు గుంజలు పాతి ఆకుల పందిరి వేయించుడు. దాని క్రింద ఒక నీళ్లకుండ నుంచుడు.

ఊరిలో పని ఏ వేళ మొదలిడవలెనో, ఏ వేళ ఆపవలెనో కుర్రవాడు తనంత తాను చెప్పలేడు. సోమరి యందురని వెరచును. పెద్దలు చాటింపు వేయించినచో ఎవరికిని సిగ్గుండదు. ఈ యేటి వేసవికి ముందే మీ ఊరి రచ్చబండ వద్ద ఈ మాట ముచ్చటించి, పని వేళలను నిర్ణయింపుడని ప్రార్థించుచున్నాను.