మేనికంటిన ఉష్ణమాపకము



మన యిండ్లలో బిడ్డకు జ్వరము వచ్చినపుడు మొదటి పరికరము తల్లి యరచేయి. నుదుట చేయి వైచి "ఒళ్లు కాలుచున్నది" అని యామె చెప్పిన మాటను కాదనువారు లేరు. రెండవది చంకలో నుంచెడి గాజుకడ్డీ. ఈ రెంటికిని తోడుగా మూడవది యొకటి యిప్పుడు వచ్చినది. అది తపాలాబిళ్లకంటె కొంచెము పెద్దదైన యతుకుపట్టీ. దానిని చంకక్రింద నంటించినచో రేయింబవళ్లు దేహతాపమును కొలుచుచు, తీగ లేకయే చేతిఫోనునకు తెలుపుచుండును. అది పనిచేయు రీతియెట్టిది, దానిని నమ్మదగిన మేర యెంత యను రెండు విషయములను నేడు విన్నవించెదను.

ఒకసారి చూచినది చాలక యెడతెగక కొలువవలసిన యవసర మేమని మీరడుగవచ్చును. జ్వరమునకు వేడి యొక్కటియే లక్షణము కాదు. దాని నడకయు లక్షణమే. మన ప్రాచీన వైద్యులు విషమజ్వరములను సంతతము, సతతము, అన్యేద్యుష్కము, తృతీయకము, చతుర్థకము అని యైదుగా విభజించిరి. ఈ పేర్లన్నియు కాలమును బట్టి వచ్చినవే. విడువక కాయునది యొకటి, దినము విడిచి దినము వచ్చునది యొకటి, రెండు దినములు విడిచి వచ్చునది వేరొకటి. చలిజ్వరములలో నొక జాతి సుమారు 48 గంటల కొకమారును, మరియొక జాతి 72 గంటల కొకమారును తిరిగివచ్చునని నేటి వైద్యులును చెప్పుదురు. ఆ చలిజ్వరపు క్రిమిని రొనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో కనుగొన్నది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన.

నడకను తెలియుటకు మాటిమాటికి కొలువవలయును గదా! జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున వూండర్లిష్ అను వైద్యుడు సుమారు 25,000 మంది రోగుల తాపమును కొలిపించి, 1868లో గొప్ప గ్రంథము ప్రకటించెను. ఆరోగ్యవంతుని వేడి 98.6 డిగ్రీలని లోకమున వాడుకపడినది ఆయన వలననే. ఆనాటి పొడుగైన కడ్డీలు అడుగెడుండి, వేడిని తెలుపుటకు ఇరువది నిమిషముల వరకు పట్టెడివి. ఆ కాలముననే ఆల్‌బట్ అను ఆంగ్ల వైద్యుడు ఆరంగుళముల కడ్డీని చేయించుటతో ఆ పని యైదు నిమిషములకు దిగెను. అయినను, 98.6 అనునది రాతిమీది గీత కాదు. దేహతాపము తెల్లవారుజామున మిక్కిలి తగ్గి, సాయంకాలమునకు ఇంచుమించొక డిగ్రీ పెరుగును. కావున సాయంత్రము 99 కనబడినంతనే జ్వరమని బెదరనక్కరలేదు.

ఇక పట్టీలోని మర్మము. దానిలో లోహపు ఆక్సైడులతో చేసిన గింజ యొకటి యుండును, పేరు థెర్మిస్టరు. సాధారణముగా రాగి మొదలగు లోహములు వేడియెక్కిన కొలది విద్యుత్తును అడ్డగించుట హెచ్చగును. ఈ గింజ స్వభావము దానికి విపరీతము: వేడి హెచ్చిన కొలది అడ్డగింపు తగ్గును. పలుచని బ్యాటరీనుండి మిక్కిలి స్వల్పమైన విద్యుత్తును గింజలోనికి పంపి, అడ్డగింపెంతయో చూచి, దానినిబట్టి వేడిని లెక్కగట్టును ఒక సూక్ష్మయంత్రము. ఆ లెక్కను కొన్ని క్షణములకో నిమిషములకో ఒకమారు బ్లూటూత్ అను పద్ధతిలో ఫోనునకు పంపును.

ఈ ప్రసారమునకును మన రేడియోకును చుట్టరికము కలదు. విజయవాడ కేంద్రము మధ్యతరంగములపై వినిపించిన ప్రసారముల సంఖ్య 837 కిలోహెర్ట్జులు. పట్టీ పంపు తరంగములు సెకనుకు దానికి సుమారు మూడువేల రెట్లు హెచ్చుగా కంపించును. జాతి యొక్కటియే, బలమున మాత్రము హస్తిమశకాంతరము. ఆకాశవాణి జిల్లాలు దాటును. పట్టీ పలుకు సాధారణముగా ఒక గదిని దాటుటయే గగనము. అక్కడినుండి దూరదేశమునకు చేర్చునది ఫోను.

ఇట్టి పట్టీని నిరుడు వానకాలమున కనిగిరిలోని మా యింట నైదేండ్ల మనుమనికి అంటించితిమి. హైదరాబాదులో నుద్యోగము చేయు మా యబ్బాయి పంపినదది. బిడ్డకు 103 డిగ్రీల జ్వరము. మా కోడలు రెండు రాత్రులు కన్ను మూయలేదు. మూడవ రాత్రి అబ్బాయి అక్కడినుండి ఫోను చేసి, "అమ్మా, జ్వరము దిగిపోయినది, 96 చూపుచున్నది. ఇక మీరందరు నిద్రపొండి" అనెను. అందరికిని ప్రాణము కుదుటపడెను. కాని నా భార్య మాత్రము లేచి, పిల్లవాని మెడక్రింద చేయి పెట్టి, "నీ ఫోను సంగతి నాకు తెలియదు నాయనా, వీడి ఒళ్లు పెనమువలె నున్నది" అనెను. దీపము వేసి చూతుము గదా, చెమటకు జిగురు వదలి, పట్టీ సగము లేచి చొక్కా కంటుకొని యున్నది! అది కొలిచినది బిడ్డను కాదు, బట్టను. గాజుకడ్డీ పెట్టగా 103 అట్లే యున్నది. వెంటనే తడిగుడ్డతో మేను తుడిచి, మందు వేసి, తెల్లవారగనే ఆసుపత్రికి గొనిపోతిమి. దైవకృపవలన కోలుకొనెను.

తరువాత నేనా ఫోనులోని గీతను నెమ్మదిగా చూచితిని. ఏడు డిగ్రీల వేడి నాలుగు నిమిషములలో నిట్టనిలువుగా జారినది. అపుడు నాకు తోచిన సూత్రమిది: దేహపు వేడి వాలుగా దిగును, కొండచరియవలె విరిగిపడదు. గీత యకస్మాత్తుగా విరిగినచో రోగము తగ్గినదని సంతోషింపక, ముందు పట్టీని చూడవలయును.

వేరొక జాగ్రత్తయు కలదు. గీత నిజముగనే దిగినను భయము తీరినదనుకొనరాదు. డెంగీ జ్వరమున మూడవ నాటినుండి ఏడవ నాటి లోపల వేడి తగ్గునప్పుడే గండము మొదలు కావచ్చును. కడుపునొప్పి, ఎడతెగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, అతినీరసము కానవచ్చినచో పట్టీ యెంత చల్లగా పలికినను ఆసుపత్రికి పరుగిడవలయును.

మన మెట్టప్రాంతమునకు వడదెబ్బ సంగతియు ముఖ్యము. 2015 మే నెలలో వీచిన వడగాలులకు తెలుగునేలపై వేయిమందికి పైగా మరణించిరి; మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో ప్రకాశ మొకటి. మిరపకోతలకు గుంటూరుసీమకు వలసపోవు మన కూలివారి మేనికి ఇట్టి పట్టీలు రక్షయగునా యని యొకరు నన్నడిగిరి. పట్టీ చర్మపు వేడిని తెలుపును. లోపలి వేడిని ఊహించును. ఎండలో చెమటతో తడిసిన చర్మము కొలతను తప్పుదారి పట్టించును. వడదెబ్బలో లోపలి వేడి 104 దాటి, మాట తడబడి, తెలివి తప్పును. మాట తడబడిన మనిషికి కొలత వెదకుచు కూర్చుండరాదు. నీడకు చేర్చి, నీళ్లు చల్లి, గాలి విసరి, వైద్యునికడకు కొనిపోవలయును.

వేడి హెచ్చుటయే కాదు, తగ్గుటయు ప్రమాదమే. పురిటిబిడ్డ తాపము 97.7 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తూకము తక్కువైన శిశువులకై బెంగుళూరులోని బెంపు సంస్థవారు మణికట్టునకు కట్టెడి చిన్న కంకణమును చేసిరి. బిడ్డ చల్లబడినచో అది దీపపు రంగు మార్చి, కూతపెట్టును. ఫోనులేని తల్లికిని అది యర్థమగును. కూత వినిన తల్లి చేయవలసినది బిడ్డను ఱొమ్మున కదుముకొనుటయే. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో మొదలైన ఈ చికిత్స నేడు లోకమంతట నున్నది.

కావున, శ్రోతలారా, పట్టీని తగినచోట వాడుడు. తడి తుడిచి అంటింపుడు. చేయి శరీరమునకు చేర్చి యుంచుడు. మొదటి కొన్ని నిమిషముల లెక్కను లెక్కలోనికి తీసికొనకుడు. అనుమానమైనచో గాజుకడ్డీతో సరిచూడుడు. అది మేలుకొని యుండుట మనము నిద్రపోవుటకు కాదు. మేల్కొనవలసిన వేళను తెలియుటకు. మా యింటి పట్టీ వెల యెక్కువ, నా భార్య యరచేతికి వెల లేదు. ఆ రాత్రి రెండును కలిసియే మా బిడ్డను కాచినవి: ఒకటి రెండు దినములు జ్వరపు నడకను చూపినది, రెండవది మూడవనాడు దాని తప్పును పట్టినది.