షాన్ ఫిలిప్స్: గొంతే ఆమె ఆస్తి

రేడియో ముందు కూర్చునే మనకి, రేడియో విని ఓ భాష నేర్చుకుని, ఆ భాషలోనే మహానటి అనిపించుకున్న ఒక స్త్రీ కథ తప్పకుండా నచ్చుతుందనుకుంటాను. ఆమె పేరు షాన్ ఫిలిప్స్. బ్రిటన్‌లో నాటకరంగంలోనూ, టెలివిజన్‌లోనూ పేరు తెచ్చుకున్న వెల్ష్ నటీమణి. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి కొందరు 'సియాన్' అని చదువుతారు గాని, వాళ్ళ వైపు పలికేది 'షాన్' అనే.

ముందు ఈ వెల్ష్ అంటే ఏమిటో చూద్దాం. ఇంగ్లండుకి పడమర పక్కన వేల్స్ అని ఒక చిన్న దేశం ఉంది. జనాభా సుమారు 31 లక్షలు. వాళ్ళకి వెల్ష్ అని సొంత భాష ఉంది. దానికీ ఇంగ్లీషుకీ పోలికే ఉండదు. దక్షిణ వేల్స్ ఒకప్పుడు బొగ్గు గనులకీ, ఉక్కు పనికీ ప్రసిద్ధి. అక్కడ గ్వైన్ కే గర్వెన్ అనే ఊళ్ళో 1933 మే 14న ఈమె పుట్టారు. తండ్రి ఉక్కు పని చేసి, తర్వాత పోలీసు ఉద్యోగంలో చేరారు. తల్లి పంతులమ్మ. తల్లిదండ్రులు పెట్టిన పేరు జేన్. బడిలో వెల్ష్ చెప్పే టీచరు దాన్ని వెల్ష్ చేసి షాన్ అని పిలిచారు. ఆ పేరే నిలిచిపోయింది.

చిన్నతనంలో చాలాకాలం ఆ పిల్లకి వెల్ష్ తప్ప మరో మాట రాదు. మరి ఇంగ్లీషు ఎలా వచ్చిందంటారా? ఇంట్లో రేడియో ఉండేది. అది వింటూ వింటూ నేర్చుకుంది. ఇలా చెవితో నేర్చిన భాషకి ఒక సుగుణం ఉంది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అన్నవి మాటతో పాటే పట్టుబడతాయి. ముందుముందు ఆవిడ నటనని మెచ్చుకున్నవాళ్ళు గొంతునే మొదట చెప్పుకున్నారంటే, దాని పునాది ఇక్కడే పడిందని నాకు తోస్తుంది.

వేల్స్‌లో ఏటా ఐస్టెద్‌వొడ్ అని పెద్ద ఉత్సవం జరుగుతుంది. కవిత్వం, పాట, పద్యం చదవడం, అన్నిటికీ పోటీలుంటాయి. పదకొండో ఏట షాన్ అందులో బహుమతి గెలుచుకుంది. ఆ వయసులోనే బి.బి.సి. రేడియోలో పాల్గొనడం మొదలుపెట్టింది. పెద్దయ్యాక కార్డిఫ్‌లో ఇంగ్లీషు, తత్వశాస్త్రం చదువుకుంటూ, వేల్స్ బి.బి.సి.లో అనౌన్సరుగా, వార్తలు చదివే అమ్మాయిగా కూడా పనిచేశారు. 1955లో లండన్‌లోని రాడా అనే ప్రసిద్ధ నటన విద్యాలయంలో స్కాలర్‌షిప్పు మీద చేరారు. ఇబ్సెన్ రాసిన హెడ్డా గాబ్లర్ పాత్ర వేసి బంగారు పతకం తెచ్చుకున్నారు. చదువుకుంటూండగానే హాలీవుడ్‌లో పనిచేయాల్సిన సినిమా కాంట్రాక్టులు మూడు వచ్చాయి. మూడిటినీ వద్దనుకున్నారు. నాటకం మీదే మనసు.

అలాంటి మనిషి ముందు ఎంత దారి ఉండాలి చెప్పండి! కాని ఇక్కడ కథ మలుపు తిరిగింది. విద్యార్థి దశలో చేసుకున్న మొదటి పెళ్ళి నిలవలేదు. 1959 డిసెంబరులో నటుడు పీటర్ ఓటూల్‌ని పెళ్ళాడారు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా చూసినవాళ్ళకి ఆయన నీలికళ్ళు గుర్తుండే ఉంటాయి. 1962లో వచ్చిన ఆ చిత్రంతో ఆయన ఒక్కసారిగా ప్రపంచానికంతటికీ తెలిసిపోయారు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, 1960లో కేట్, 1963లో పాట్రీషియా. ఆయన పేరుతో పాటు ఆయన తాగుడూ పెరిగింది.

షాన్ పని పూర్తిగా మానేశారనలేం. నాటకాలు వేశారు. భర్తతోపాటు 1964లో 'బెకెట్', 1969లో 'గుడ్‌బై మిస్టర్ చిప్స్' సినిమాల్లో నటించారు. కాని భర్త కెరీర్ ముందు, తన కెరీర్ వెనక అన్నట్టుగా ఆ ఇల్లు నడిచిందని తర్వాత ఆవిడే ఆత్మకథలో రాసుకున్నారు. పిల్లల్ని చూసుకోవడానికి ఆవిడ తల్లి లండన్ వచ్చి వాళ్ళతోనే ఉన్నారు. ఒక ఆడది గడప దాటి పనిచేయాలంటే ఆ గడప లోపల మరో ఆడది నిలబడాలి. లండన్ అయినా అంతే. ఆ తల్లిని మరిచి షాన్ గురించి చెప్పడం న్యాయం కాదు.

ఇక 1975 సంగతి. షాన్‌కి నలభై రెండేళ్ళు. నటీమణులకి పాత్రలు తగ్గుముఖం పట్టే వయసు. సరిగ్గా అప్పుడు బి.బి.సి. టెలివిజన్ రెండు పాత్రలిచ్చింది. రెండూ తల్లి పాత్రలే, కాని ఒకటి ఉత్తరమైతే ఒకటి దక్షిణం.

మొదటిది 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ'. రిచర్డ్ లెవెలిన్ 1939 నాటి నవల ఆధారంగా తీసిన ధారావాహిక. బొగ్గుగని కార్మికుడి ఇల్లు, కొడుకులు, సమ్మెలు. అందరినీ కడుపులో పెట్టుకుని చూసుకునే తల్లి బెత్ మోర్గాన్. తను పుట్టిన నేలలాంటి నేల, తను పెరిగిన మనుషుల్లాంటి మనుషులు. ఇంక వేరే నటించాలా!

రెండోది 1976లో వచ్చిన 'ఐ, క్లాడియస్'. రోమన్ చక్రవర్తుల కథ. అందులో మొదటి చక్రవర్తి అగస్టస్ భార్య లివియా. తన కొడుకు టైబీరియస్‌ని సింహాసనం ఎక్కించడానికి అడ్డొచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే విషంతో తప్పిస్తుంది. చరిత్రలో లివియా నిజంగా అలా చేసిందనడానికి గట్టి రుజువు లేదు. పాతకాలపు వదంతుల్ని తీసుకుని రాబర్ట్ గ్రేవ్స్ నవల అల్లాడు. రిహార్సల్స్‌లో ఆ పాత్ర షాన్‌కి పట్టుబడలేదట. ఇంత దుర్మార్గానికి ఏదో కారణం ఉండాలి కదా అని వెతుకుతూంటే, దర్శకుడు హెర్బర్ట్ వైజ్, సాకులు వెతకొద్దు, దుర్మార్గురాలిగానే ఉండమన్నారట. అంతే, పాత్ర దారిలో పడింది.

అందులో ఒక ఘట్టం చెప్పాలి. భార్య మీద అనుమానంతో అగస్టస్ వంటింటి తిండి మానేసి, చెట్టున తన చేత్తో కోసుకున్న అంజూరపు పళ్ళే తింటూంటాడు. ఆవిడ చెట్టునున్న పళ్ళకే విషం పూస్తుంది! ఆయన చనిపోయేటప్పుడు కెమెరా చాలాసేపు ఆయన ముఖం మీదనుంచి కదలదు. మనకి వినపడేది లివియా గొంతు. అరుపు లేదు, తొందర లేదు. సంసారం చేసిన భార్య ఏదో సర్ది చెబుతున్నట్టే ఉంటుంది. ఒళ్ళు జలదరిస్తుంది. రేడియో పక్కన కూర్చుని మాట నేర్చుకున్న పిల్ల సాధించింది ఇదండీ.

ఈ రెండు పాత్రలకీ కలిపి 1977లో బ్రిటిష్ అకాడమీ ఉత్తమ టెలివిజన్ నటి బహుమతి వచ్చింది. 1979లో ఓటూల్‌తో విడాకులయ్యాయి. ఆ ఏడే మరో నటుణ్ణి పెళ్ళాడారు, అదీ 1991లో ముగిసింది. కాని పని ఆగలేదు. 1980లో, నలభై ఏడో ఏట, 'పాల్ జోయీ' అనే సంగీత నాటకంలో పాడారు. 1997లో లండన్ వేదిక మీద నటి మార్లీన్ డీట్రిచ్‌గా కనిపించారు. 1999లో అదే నాటకం న్యూయార్కు వెళ్ళి టోనీ బహుమతికి నామినేషన్ తెచ్చింది. 2010లో బ్రిస్టల్‌లో రోమియో జూలియట్ కథని వృద్ధాశ్రమంలో జరిగినట్టు మార్చి ఆడితే, డెబ్భై ఆరేళ్ళ షాన్ జూలియట్ వేశారు! 2016లో ఎలిజబెత్ రాణి పేరిట డేమ్ బిరుదు లభించింది.

అయితే పక్కన పెట్టిన కళ ఎప్పటికైనా తిరిగొస్తుంది లెమ్మని నేను ధైర్యం చెప్పబోవడం లేదు. ఆవిడకి పోయిన ఏళ్ళు పోయినవే. ఆ ఏళ్ళలో వేయాల్సిన పాత్రలు వేరెవరో వేశారు. అయితే ఆవిడ చేతిలోని పనిని చిన్నదో పెద్దదో విడవకుండా ఉంచుకున్నారు. అందుకే 1975లో తలుపు తట్టినప్పుడు ఇంట్లో నటి ఉంది. ఆ తట్టడం వినడానికి అవతల పిల్లల్ని పట్టుకున్న తల్లీ ఉంది.

మీ ఇంట్లో పాట మానేసిన కోడలో, బొమ్మలు వేయడం మానేసిన కూతురో ఉంటే, సాయంత్రం ఓ గంట ఆ పిల్లల్ని మీరు పట్టుకోండి. షాన్ తల్లి చేసింది అదే కదా.