వేసవిలోనే తెల్లతోక జింక

తెల్లతోక జింకను ఫొటో తీయాలంటే నవంబరు దాకా ఆగాలని అమెరికాలో చాలామంది అనుకుంటారు. మగ జింకలు జత కోసం పోట్లాడుకునే కాలమది. నిగనిగలాడే కొమ్ములు, పొగలు చిమ్మే ముక్కులు, రాలిన ఆకులు. క్యాలెండరుకు అంతకన్నా మంచి బొమ్మ దొరకదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ జీవి రోజూ ఎలా బతుకుతుందో చూపాలంటే జూన్ నుంచి ఆగస్టు దాకా ఉన్న నెలలే మేలు. ఆడ జింక వాసన పట్టుకుని మైళ్ల కొద్దీ తిరిగే మగ జింకే, వేసవిలో సాటి మగవాటితో గుంపుకట్టి పొద్దువాలేసరికి అలవాటైన సోయాబీన్ చేలోకో పచ్చికబయలుకో మేతకు దిగుతుంది. ఎక్కడికొస్తుందో, ఏ వేళకొస్తుందో అంచనా వేయవచ్చు. పైగా అప్పుడు దాని కొమ్ము ఇంకా లేతది. రక్తనాళాలున్న నూగు చర్మం కింద పెరుగుతూ ఉంటుంది. అందుకే తగాదా వస్తే కొమ్ములు కలపకుండా వెనక్కాళ్ల మీద లేచి గిట్టలతో కొట్టుకుంటాయి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ఆ చర్మం ఎండి ఊడిపోతుంది. ఉదయపు ఎండ వెనకనుంచి పడి నూగు అంచంతా మెరిసే బొమ్మ ఆ తర్వాత ఏడాదిదాకా దొరకదు.

వేళ తెలిశాక జింక వెంట నడవాల్సిన పనే లేదు. అది ఎరుపు, నారింజ రంగుల్ని సరిగా పోల్చుకోలేదు గానీ చిన్న కదలికనైనా పసిగడుతుంది. ముక్కు అంతకన్నా చురుకు, గాలి మన వైపునుంచి వీస్తే ఎంత ఖరీదైన ఆకుపచ్చ దుస్తులైనా దండగే. జింక బెదిరి దాని తోక నిటారుగా లేచి తెల్లగా కనిపించిందా, ఆ పూటకు ఫొటో అయిపోయినట్టే. వన్యప్రాణి ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన జార్జ్ షైరస్‌కు, జింక వెంటపడి లాభం లేదన్న సంగతి ముందే తెలుసు. మిషిగన్‌లోని వైట్‌ఫిష్ సరస్సు దగ్గర జింకలు నడిచే దారుల్లో తీగ కట్టి, అవే తమ ఫొటో తీసుకునేలా చేశాడు. ఆయన బొమ్మల్ని 1906 జులై సంచికలో నేషనల్ జియోగ్రాఫిక్ ప్రచురించింది. చీకట్లో ఆయన పేల్చిన ఫ్లాష్‌పొడిని మాత్రం ఇప్పుడెవరూ అనుకరించనక్కర్లేదు.

పెద్ద టెలీఫోటో లెన్స్ లేనివాళ్లు దగ్గరికి వెళ్లక ఏం చేస్తారని అడగవచ్చు. ఫ్రేము నిండా తలకాయే ఉండాలన్న పట్టుదల వదిలితే చాలు. మంచు తేలే పొలం, అందులో తలెత్తిన నాలుగు జింకలు, ఆ బొమ్మకు మామూలు లెన్స్ సరిపోతుంది. షెనాండోవా లాంటి జాతీయ పార్కుల్లో జింకలు మనుషులకు అలవాటుపడ్డాయి కదా అన్నది ఇంకో వాదన. అలవాటుపడ్డాయి కాబట్టే దూరం పాటించాలి. పార్కుల్లో సాధారణంగా 25 గజాలు ఉండాలంటారు. మనిషి చేతి తిండికి మరిగిన జింక రోడ్డు మీదికీ వస్తుంది. న్యూజెర్సీలో మనవాళ్ల పెరళ్లలోకి వచ్చే జింకలకూ ఇదే వర్తిస్తుంది.

జింక పిల్లల విషయంలో అసలు రాజీ కుదరదు. మే చివర, జూన్‌లో పుట్టిన పిల్లను తల్లి గడ్డిలో పడుకోబెట్టి దూరంగా మేస్తుంది. ఒంటరిగా కనిపించినంత మాత్రాన అది అనాథ కాదు. మనం అక్కడే నిలబడితే తల్లి పాలివ్వడానికి రాదు. ఆగస్టులో అదే పిల్ల చుక్కలింకా చెరగకముందే తల్లి వెంట బయలుకొస్తుంది, అప్పుడు కారు కిటికీలోంచే తీయవచ్చు.